మూల పదముల వెలుగులో వాక్య ధ్యానము

ధ్యాన భాగములు: ఎఫెసీ 1:13, 14, లూకా 15:11–24, 1 యోహాను 2:1, 1 కొరింథీ 11:17–34



కూటములలో ప్రసంగికుడు "ఈ మాటకు గ్రీకు భాషలో అర్థము వేరు" అని చెప్పగానే సంఘమంతయు ఒక్కసారి నిశ్శబ్దమగుట మనమందరము ఎరిగినదే. వ్రాసికొనువారు కలము తీయుదురు. చదువురానివారు చేతులు కట్టుకొని, "ఇదంతయు పెద్ద చదువులు చదివినవారి సంగతి" అని తమలో తాము అనుకొందురు. ఆ మాట నిజమో కాదో అడుగువాడు మాత్రము ఎవడును లేడు. అడుగుటకు మనకు గ్రీకు రాదు గదా!

ఇందులో మేలును ఉన్నది, అపాయమును ఉన్నది. మూల పదము తెలిసినప్పుడు వాక్యము కొన్నిసార్లు క్రొత్తగా ప్రకాశించును. అదే పదము తప్పుగా పట్టుకొనబడినప్పుడు బలహీనులైన విశ్వాసులు బెదరిపోవుదురు. కావున ఈ మాసము ఈ విషయమును కొంచెము నిదానముగా ధ్యానింతము. గ్రీకు అక్షరము ఒక్కటియు రానివారును ఈ పాఠమును అనుసరింపవచ్చును. వారికొరకే దీనిని వ్రాయుచున్నాము.

1. బజారులో మాటలాడిన భాష

పాత నిబంధనలో చాలా భాగము హెబ్రీ భాషలో వ్రాయబడినది. దానియేలు, ఎజ్రా గ్రంథములలో కొంత భాగము అరామిక్ భాషలో నున్నది. క్రొత్త నిబంధన గ్రీకు భాషలో వ్రాయబడినది. అది ఎట్టి గ్రీకు? పూర్వ కవులును తత్త్వవేత్తలును వ్రాసిన గ్రీకునకును దీనికిని కొంత భేదము కనబడుటచేత, ఇది పరిశుద్ధ గ్రంథముకొరకే ప్రత్యేకముగా కలిగిన భాష అని ఒకప్పుడు కొందరు పండితులు తలంచిరి.

అయితే 19వ శతాబ్దపు చివరి సంవత్సరములలో ఐగుప్తు దేశపు ఇసుకలోనుండి పాత కాగితములు వేలకొలదిగా బయటపడెను. నీటి ఒడ్డున పెరుగు జమ్ముతో చేసిన ఆ కాగితములకు పపైరస్ అని పేరు. 1896–97 లో గ్రెన్‌ఫెల్, హంట్ అను ఇద్దరు ఇంగ్లీషు పండితులు ఆక్సిరింకస్ అను పాత పట్టణపు చెత్తదిబ్బలను త్రవ్వించిరి. అక్కడ దొరికినవాటిలో కౌలు పత్రములు, పన్ను రసీదులు, అమ్మకపు చీటీలు, ఇంటికి వ్రాసిన ఉత్తరములు ఎన్నో ఉన్నవి. జర్మను పండితుడైన అడాల్ఫ్ డైస్మన్ ఇట్టి కాగితములను క్రొత్త నిబంధనతో పోల్చి చూచి, రెండింటి భాషయు ఒక్కటే అని చూపించెను. పౌలును లూకాయు వ్రాసినది రైతులు, వర్తకులు, కూలివారు, ఇంటి ఆడవారు ప్రతిదినము మాటలాడుకొనిన భాష.

దేవుడు తన కుమారుని పశువుల తొట్టిలో పరుండనిచ్చినట్లే తన వాక్యమును బజారు భాషలో ఉంచెను. కాబట్టి మూల భాష అనగానే మనకు అందని కొండ శిఖరమని భయపడవలదు. అనేక సమయములలో అది మన సంతలోనికే దారి చూపును.

2. సంచకరువు

ఎఫెసీ 1:14 లో పరిశుద్ధాత్మను గూర్చి అపొస్తలుడు వాడిన మాట గ్రీకులో "అర్రబోన్". ఈ మాట క్రొత్త నిబంధనలో మూడుసార్లే కలదు: ఇక్కడను, 2 కొరింథీ 1:22 లోను, 5:5 లోను. మూడు చోట్లను మన తెలుగు బైబిలులో "సంచకరువు" అని ఉన్నది. నేటి పిల్లలకు ఈ మాట తెలియకపోవచ్చును గాని, బయానా అన్నను, బజానా అన్నను, అడ్వాన్సు అన్నను వెంటనే తెలియును.

ఐగుప్తు కాగితములలో ఈ మాట దొరికినది. ఒక కాగితములో ఒక స్త్రీ ఆవును అమ్ముచు, బేరము కుదిరినందుకు వెయ్యి ద్రాక్మాలు "అర్రబోన్" గా పుచ్చుకొనెను. మొదటి శతాబ్దాంతమునకు చెందిన మరియొక ఉత్తరములో, లాంపోను అను ఎలుకలు పట్టువానికి ఎనిమిది ద్రాక్మాలు "అర్రబోన్" ఇచ్చినట్లు వ్రాసియున్నది. చేలో ఎలుకలు పడినప్పుడు ఎలుకలు పట్టువానిని పిలిచి ముందుగా కొంత సొమ్ము చేతిలో పెట్టుట మన పల్లెలకు క్రొత్త సంగతి కాదు. పౌలు పత్రికలు చదువబడుచున్న కాలములోనే అక్కడి రైతులును ఆ పనే చేయుచుండిరి!

ఇప్పుడు వచనమునకు రండి. సంతలో ఎద్దులను బేరమాడినవాడు సంచకరువు ఇచ్చినప్పుడు రెండు సంగతులు జరుగును. మొదటిది, బేరము ఖాయమగును. ఇక వేరొకడు ఎక్కువ ధర చెప్పినను ఆ ఎద్దులు ఇతనివే. రెండవది, ఇచ్చిన సొమ్ము మొత్తము వెలలో ఒక భాగమే గనుక, మిగిలినది ఇచ్చుటకు ఇతడు మాటకు కట్టుబడియున్నాడు. సంచకరువు వేరు, కుదువ వేరు. కుదువ పెట్టిన వస్తువును బాకీ తీర్చి విడిపించుకొందుము. సంచకరువు తిరిగి తీసికొనబడదు, అది వెలలో కలిసిపోవును. ఆదికాండము 38వ అధ్యాయములో యూదా తామారుకు ఇచ్చినది కుదువయే. అక్కడి హెబ్రీ మాటయును ఈ గ్రీకు మాటయును ఒక్క మూలమునుండి వచ్చినవే. వర్తకులతో కలిసి దేశములు దాటిన మాట ఇది. అయినను ఎఫెసీ పత్రికలో పౌలు మాటలాడుచున్నది స్వాస్థ్యమును గూర్చియు, దేవుడు తన సొత్తును విమోచించుటను గూర్చియు గనుక, అక్కడ కుదువ అర్థము పొసగదు, సంచకరువు అర్థమే పొసగును. చూచితిరా, మాట ఒక్కటే అయినను దాని చుట్టునున్న సంగతులే అర్థమును నిర్ణయించుచున్నవి.

ప్రియులారా, మీ యింటిలో కష్టము కలిగినప్పుడు, మోకాళ్ల మీద ఒక గడియ సమాధానము దొరికినప్పుడు, "ఇది కొంచెమే గదా" అని చిన్నచూపు చూడకుడి. సంచకరువు ఎప్పుడును కొంచెమే. ఇచ్చినవాడు నమ్మదగినవాడైతే చాలును.

ఈ తెలుగు మాటను మనకు ఇచ్చినవారినిగూర్చియు ఒక మాట చెప్పవలెను. 1805 లో జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అను లండను మిషనువారు విశాఖపట్టణమునకు వచ్చి తెలుగు నేర్చుకొనిరి. ఆనందరాయరు అను విశ్వాసి సహాయముతో సువార్తల తర్జుమా సాగెను. ఆ ఇద్దరు మిషనరీలును కొద్ది యేండ్లలోనే మరణించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు వారి మరణము తరువాత 1812 లో శ్రీరామపురమున అచ్చయ్యెను. 1818 లో క్రొత్త నిబంధన అంతయు తెలుగులో వెలువడెను. ఆ తరువాతను అనేకులు దానిని సరిచూచి దిద్దిరి. గ్రీకు హెబ్రీ భాషలతో పెనుగులాడిన వారి ప్రయాసము మన చేతిలోని తెలుగు బైబిలులో ఉన్నది. కావున తెలుగు బైబిలు మాత్రమే చదువువాడు తక్కువ భోజనము తినుచున్నాడని ఎవడును అనుకొనరాదు.

3. పేగులు కదలిన తండ్రి

లూకా 15:20 లో కుమారుడు దూరముగా ఉండగానే తండ్రి అతనిని చూచి కనికరపడెను. ఇక్కడి గ్రీకు క్రియ "స్ప్లాంక్నిజోమయి". "స్ప్లాంక్న" అనగా కడుపులోని అవయవములు, పేగులు. మన తల్లులకు దీనిని వివరింప పనిలేదు. బిడ్డకు దెబ్బ తగిలినప్పుడు "నా కడుపు తరుక్కుపోయింది" అందురు. దూరదేశము పోయినవాడు గుర్తుకు రాగా "పేగు కదిలింది" అందురు. గ్రీకువారి నుడికారమును తెలుగువారి నుడికారమును ఇక్కడ అక్కచెల్లెండ్రవలె నున్నవి. 1 రాజులు 3:26 లో సొలొమోను ఎదుట నిలిచిన నిజమైన తల్లినిగూర్చి మన తర్జుమాదారులు పేగులు తరుగుకొనిపోవుట అను మాటనే వాడిరి. అక్కడ హెబ్రీలో ఉన్న "రహమీమ్" అను మాట తల్లి గర్భము అను మాటకు దగ్గర చుట్టము.

ఈ గ్రీకు క్రియ క్రొత్త నిబంధనలో పండ్రెండుసార్లు కనబడును. అన్నియు మొదటి మూడు సువార్తలలోనే. ఎవరినిగూర్చి వాడబడెను? ప్రభువైన యేసునుగూర్చి, లేక ఆయన చెప్పిన ఉపమానములలోని కనికరముగల మనుష్యులనుగూర్చి. నాయీను గవినియొద్ద ఒక్కడే కుమారుని పోగొట్టుకొనిన విధవరాలిని చూచినప్పుడు ప్రభువునకు కలిగినది ఇదే (లూకా 7:13). దారిలో పడియున్నవానిని చూచిన సమరయునికి కలిగినది ఇదే (లూకా 10:33).

ఇక్కడ ఆగిపోవలదు. లూకా వ్రాసిన ఈ మూడు చోట్లను ఈ మాట తరువాత ఏమి వచ్చుచున్నదో వ్రేలు పెట్టి చూడుడి. ప్రభువు దగ్గరకు వచ్చి పాడెను ముట్టెను. సమరయుడు దగ్గరకు పోయి గాయములు కట్టెను. తండ్రి పరుగెత్తెను. పేగులు కదలిన తరువాత కాళ్లును చేతులును కదలెను. గ్రీకు పదము మనకు కడుపులోని బాధను చూపును. కాళ్లు కదలుటను మాత్రము తెలుగు బైబిలులోనే ఎవరైనను చదువుకొనవచ్చును. పొరుగింటిలో పొయ్యి వెలుగలేదని విని, కన్నీరు కార్చి, దుప్పటి కప్పుకొని పండుకొనినవాడు ఈ మాట అర్థమును సగమే నేర్చుకొనెను.

4. ఒక మాట, రెండు తెలుగు మాటలు

యోహాను 14:16 లో ప్రభువు శిష్యులకు వాగ్దానము చేసినది "ఆదరణకర్త". 1 యోహాను 2:1 లో, మనము పాపము చేసినయెడల తండ్రియొద్ద మనకు ఉన్నది "ఉత్తరవాది". తెలుగులో ఇవి రెండు మాటలు. గ్రీకులో రెండు చోట్లను ఒక్కటే మాట: "పరాక్లేతోస్".

పక్కన నిలుచుటకు పిలువబడినవాడు అని ఈ మాటకు భావము. న్యాయసభలో ఒకని పక్షమున నిలిచి మాటలాడువానికి దీనిని వాడుదురు. మన గ్రామములలో ఒక చదువురాని కూలివానికి భూమి తగాదా వచ్చినదనుకొనుడి. కచేరీకి పోవలెను. అక్కడ ఏ గదిలోనికి పోవలెనో, ఏ కాగితము చూపవలెనో, ఎవరితో ఏమి చెప్పవలెనో తెలియదు. గుమ్మముదగ్గర నోరు ఎండిపోవును. అప్పుడు అతనితోకూడ వచ్చి, ధైర్యము చెప్పి, లోపల అతని పక్షమున మాటలాడువాడు ఒకడు కావలెను. దారిలో ధైర్యము చెప్పునప్పుడు అతడు ఆదరణకర్త. లోపల మాటలాడునప్పుడు అతడు ఉత్తరవాది. తర్జుమాదారులు ఒక్కొక్క చోట సందర్భమునకు తగిన మాటను ఎంచుకొనిరి. రెండును సరియైనవే.

రెండు వచనములను కలిపి చూచినప్పుడు ఒక మధురమైన సంగతి బయలుపడును. యోహాను 14:16 లో ప్రభువు పరిశుద్ధాత్మను "వేరొక" ఆదరణకర్త అనెను. వేరొకడు అనినయెడల మొదటివాడు ఎవడు? 1 యోహాను 2:1 జవాబిచ్చుచున్నది: యేసుక్రీస్తే. తండ్రియొద్ద ఒకడు మన పక్షమున నున్నాడు. మన యొద్ద ఒకడు మనతోకూడ నున్నాడు. ఏ కచేరీ గుమ్మమునొద్దనైనను నోరెండిపోయి ఒంటరిగా నిలిచినవారు ఈ మాటను గుండెలో దాచుకొందురు గాక.

5. మాటను విరిచినచో

ఇంతవరకు మేలు చెప్పితిమి. ఇప్పుడు అపాయము చెప్పెదము.

ఒక పరదేశి తెలుగు నేర్చుకొనుచు "సంచకరువు" అను మాటను చూచెననుకొనుడి. అతడు దానిని విరిచి, "సంచి ఒకటి, కరువు ఒకటి; కాబట్టి సంచిలో కరువు అని దీని గూఢార్థము. పరిశుద్ధాత్మ పొందినవాని సంచి ఖాళీగా నుండును" అని ప్రసంగించినయెడల మనము నవ్వుదుము. ఎందుకు నవ్వుదుము? ఆ మాటను మనము సంతలో విన్నాము గనుక. గ్రీకు మాటలను ఇట్లే విరిచినప్పుడు మాత్రము మనము నవ్వము, "ఆమేన్" అందుము. ఆ సంత మనము చూడలేదు గనుక.

మరియొక ఉదాహరణము. "గ్రీకులో అగపే అనగా దైవప్రేమ, ఫిలియా అనగా స్నేహము" అని మనము అనేకమారులు విన్నాము. క్రొత్త నిబంధనలో దేవుని ప్రేమకు ఎక్కువగా వాడబడినది అగపే అను మాటయే, అది నిజము. అయితే ఆ మాటలోనే ఆ పరిశుద్ధత ఉన్నదా? దేమా ఇహలోకమును ప్రేమించి పౌలును విడిచిపోయినప్పుడు (2 తిమోతి 4:10) అక్కడ వాడిన క్రియ "అగపావో". అమ్నోను తామారుపై పెట్టుకొనిన దుష్టమోహమునకు (2 సమూయేలు 13:15) పూర్వపు గ్రీకు తర్జుమాలో వాడినదియు అగపే యే. మరి తండ్రి కుమారుని ప్రేమించుచున్నాడని యోహాను 3:35 లో "అగపావో" తోను, 5:20 లో "ఫిలెయో" తోను చెప్పబడినది. తండ్రి ప్రేమ రెండు అధ్యాయములలో తగ్గిపోయినదా? లేదు గదా!

యోహాను 21:15–17 లో ప్రభువు పేతురును మూడుసార్లు అడిగినప్పుడు ఈ రెండు క్రియలును వచ్చుచున్నవి. అక్కడ భేదమున్నదని తలంచిన మంచి బోధకులు ఉన్నారు. భేదము లేదని తలంచిన మంచి బోధకులును ఉన్నారు. అదే భాగములో గొఱ్ఱెలకును, మేపుటకును, ఎరుగుటకును యోహాను రెండేసి మాటలు మార్చి మార్చి వాడియున్నాడు. పేతురు ఎందుకు దుఃఖపడెనో పదునేడవ వచనమే చెప్పుచున్నది: మూడవసారి అడిగినందుకు. మూడుసార్లు ఎరుగనన్నవానిని మూడుసార్లు అడిగెను. ఈ లోతు గ్రీకు రానివారికిని అందును.

ప్రేమ లోతు తెలిసికొనగోరినయెడల ఒక మాటను తూచుట చాలదు. సిలువయొద్దకు పోవలెను.

6. అయోగ్యముగా

ఇప్పుడు ఈ పాఠములో ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాము.

బల్ల ఆదివారమున మెల్లగా లేచి వెనుకకు పోయి, గుమ్మముదగ్గర కూర్చుండువారు అనేక సంఘములలో ఉన్నారు. పిలిచినను రారు. "నేను యోగ్యురాలిని కాను" అందురు. మేమెరిగిన ఒక విధవరాలు అట్లే కొన్ని సంవత్సరములు ప్రభువు బల్లకు దూరముగా నుండెను. కారణమేమనగా, త్రోవను పోవు ఒక ప్రసంగికుడు 1 కొరింథీ 11:27 ను చదివి, అక్కడి గ్రీకు మాటకు "విలువలేని మనిషి" అని అర్థమనియు, అట్టివారు తినినయెడల ఇంటిలో రోగమును మరణమును వచ్చుననియు చెప్పెను. ఆ నెలలోనే ఆమె మనుమనికి జ్వరము వచ్చెను. బిడ్డ బ్రదికెను గాని ఆమె మరల బల్లను ముట్టలేదు. కూలిచేసి బ్రదుకు తనకు విలువ ఏమున్నదని ఆమె తలంపు.

ఆమె యింటి అరుగుమీద కూర్చుండి, ఆమె మనుమరాలిచేత ఆ అధ్యాయమును పదునేడవ వచనమునుండి మెల్లగా చదివించితిమి. మీరును ఇప్పుడు బైబిలు తెరచి చూడుడి.

గ్రీకు మాట "అనాక్సియోస్". ఇది మనిషి ఎట్టివాడో చెప్పు మాట కాదు. పని ఎట్లు జరిగెనో చెప్పు మాట. మన తెలుగులో "అయోగ్యముగా" అని ఉన్నది. "అయోగ్యుడు" అని లేదు. చివరనున్న "గా" అను అక్షరమే ఎంతో గొప్పది! త్రాగి బండి తోలినవానిని "అజాగ్రత్తగా తోలెను" అందుము. అది తోలిన విధము. కాబట్టి అపొస్తలుడు ఇక్కడ అడుగుచున్నది, "నీవు విలువగలవాడవా?" అని కాదు. "మీరు ఎట్లు తినుచున్నారు?" అని.

మరి కొరింథీయులు ఎట్లు తినుచుండిరి? 21వ వచనము చూడుడి. ఒకడు ఆకలితో నుండగా మరియొకడు త్రాగి మత్తుడగుచుండెను. 22వ వచనములో పేదలు సిగ్గుపరచబడుచున్నారు. అక్కడ గ్రీకులో ఉన్న మాటలకు "లేనివారు" అని అర్థము. మన పల్లెలలో కలిగినవారు, లేనివారు అనునట్లే. పనిపాటలు ముగించుకొని కూలివారును దాసులును ఆలస్యముగా వచ్చులోపల కలిగినవారు ముందే తిని ముగించుచుండిరని పండితులు అనేకులు తలంచుచున్నారు. అందుచేతనే 33వ వచనములో అపొస్తలుడు ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొనియుండుడని ఆజ్ఞాపించుచున్నాడు. ఆ సంఘములోని రోగములను గూర్చి 30వ వచనములో చెప్పినది ఈ పాపమును బట్టియే. లేనివారిని తోసివేసి తినినవారికి చెప్పిన గద్దింపు అది. ఆ గద్దింపునే లేనివారి తలమీద పెట్టి వారిని బల్లనుండి తోసివేయుట ఎంత విపరీతము!

మరి పరీక్ష మాట ఏమి? 28వ వచనములో తన్నుతాను పరీక్షించుకొనవలెనని ఉన్నది. అది "దోకిమాజో" అను క్రియ. బంగారమును అగ్నిలో శోధించుటకు 1 పేతురు 1:7 లో ఇదే క్రియ వాడబడినది. కంసాలి బంగారమును పరీక్షించునది పారవేయుటకు కాదు, నిలుపుకొనుటకే. ఆ వచనము ఎట్లు ముగియుచున్నదో చూడుడి. పరీక్షించుకొని మానుకొనవలెనని లేదు. పరీక్షించుకొని తినవలెను, త్రాగవలెను అని ఉన్నది. పాపము కనబడినయెడల దానిని ఒప్పుకొని విడిచిపెట్టవలెను, సహోదరునితో వైరమున్నయెడల సమాధానపడవలెను, ఆ పిమ్మట బల్లకు రావలెను. పరీక్ష దారియే, గుమ్మము మూయు గడియ కాదు.

చదువుట ముగిసిన తరువాత ఆ తల్లి చాలసేపు మాటలాడలేదు. తరువాత, "అయితే అయ్యగారూ, నాలాంటి లేనోళ్ళని నిలబెట్టి తిన్నందుకా పౌలు గారు వాళ్ళను కోప్పడింది?" అని అడిగెను. అవునంటిమి. "అట్టయితే నేను ఇన్నాళ్ళూ ఎవురి తిట్టు నేను మోశాను?" అనెను. ఆ ప్రశ్నకు బోధించువారమైన మనమందరము జవాబు చెప్పవలసియున్నది. ఒక గ్రీకు మాటను చుట్టునున్న వచనములలోనుండి తెంచి పట్టుకొనుటచేత ఒక ఆత్మ తన ప్రభువు బల్లకు దూరమాయెను.

పెద్దలైనవారలారా, ఈ అధ్యాయము మనకును ఒక ప్రశ్న వేయుచున్నది. నాట్ల కాలములో చేలనుండి ఆలస్యముగా వచ్చినవారికొరకు మన సంఘము కనిపెట్టుచున్నదా? ఎవరు ముందు వరుసలో, ఎవరు గుమ్మమునొద్ద? పాత్ర ఎవరి యొద్దనుండి మొదలై ఎవరి యొద్ద ముగియుచున్నది? "అయోగ్యముగా" అను మాటకు అర్థము నిఘంటువులో వెదకినంత శ్రద్ధగా మన మందిరములోను వెదకుదము.

7. గ్రీకు రానివారికి మూడు ప్రశ్నలు

ఇకమీదట ఎవరైనను "మూల భాషలో ఇట్లున్నది" అని చెప్పినప్పుడు ఈ మూడు ప్రశ్నలు వేసికొనుడి.

మొదటిది: ముందు వెనుక వచనములు దీనికి ఒప్పుకొనుచున్నవా? ఒక మాటను కాక అధ్యాయమంతయు చదువుడి. ఆ అర్థము అధ్యాయములో ఇముడనియెడల అది ఎంత రుచిగానున్నను విడిచిపెట్టుడి.

రెండవది: ఇదే మాట ఇతర చోట్ల ఎట్లు వాడబడెను? రిఫరెన్సు బైబిలులో అంచుననున్న వచనములను త్రిప్పి చూడుడి. చదువురానివారు పిల్లలచేత చదివించుకొనుడి. మీ కాపరిని అడుగుటకు సిగ్గుపడకుడి. అడుగబడుట కాపరికి అవమానము కాదు. బెరయవారు పౌలంతటివాని బోధ విని, అది నిజమో కాదో అని ప్రతిదినము లేఖనములను పరిశోధించిరి. అపొస్తలుల కార్యములు 17:11 లో వారు ఘనులని పొగడబడిరే గాని సందేహపరులని నిందింపబడలేదు.

మూడవది: ఈ అర్థము నన్ను ఎక్కడికి నడిపించుచున్నది? ప్రభువుతట్టు, పొరుగువానితట్టు నడిపించుచున్నదా? లేక చెప్పినవాని పాండిత్యముతట్టు నడిపించుచున్నదా? క్రొత్త సంగతి విన్నామను సంతోషము సాయంకాలమునకు ఆరిపోవును. సంచకరువు అర్థము తెలిసి శ్రమలో నిలిచినవాడును, పేగులు కదలి పరుగెత్తినవాడును ఆ మాటలను నిజముగా నేర్చుకొనినవారు.

బోధకులకు ఒక్క మాట. మూల భాష మన చేతిలో లాంతరువంటిది. లాంతరును దారిమీదికి చూపవలెను గాని నడచువారి కండ్లలోనికి చూపరాదు. విన్నవారు ఇంటికి పోయి తమ తెలుగు బైబిలును ఎక్కువ ధైర్యముతో తెరచినయెడల మనము గ్రీకును సరిగా వాడితిమి. దానిని మూసిపెట్టి "మనకు రాదు" అనుకొనినయెడల మనము ఎంత నేర్చినను వ్యర్థమే.

వారపు కూడికలో చర్చింపవలసిన ప్రశ్నలు

1. సంచకరువునకును కుదువకును భేదమేమి? పరిశుద్ధాత్మను దేవుడు సంచకరువుగా ఇచ్చెననుటచేత మీకు కలుగు ధైర్యమేమి?
2. లూకా 7:13, 10:33, 15:20 వచనములను చదివి, కనికరము తరువాత జరిగిన పనులను చెప్పుడి. ఈ వారము మీరు చేయదగిన అట్టి పని ఏది?
3. 1 కొరింథీ 11:17–34 అంతయు చదువుడి. కొరింథు సంఘములో జరిగిన తప్పు ఏది? అది మన సంఘములో ఏ రూపమున నున్నది?
4. ప్రభువు బల్లకు దూరముగానున్నవారు మీ వీధిలో ఎవరైనను ఉన్నారా? వారి యింటికి ఎవరు, ఏ దినమున పోవుదురు?

ప్రార్థన

ప్రభువా, మా వీధులలో మేము మాటలాడు భాషలో నీ వాక్యమును మాకు ఇచ్చినందుకు నీకు స్తోత్రము. తెలిసిన మాటను గర్వముగాను, తెలియని మాటను భయముగాను మార్చుకొనకుండ మమ్మును కాపాడుము. మా మాటలచేత నీ బల్లకు దూరమైనవారిని మరల దగ్గరకు తీసికొని వచ్చుటకు మాకు కాళ్లును కనికరమును దయచేయుము. ఆమేన్.